చిన్నమామ పెట్టెలో కాగితాలు

"ఆపవే ఆ బొమ్మ. చూసింది చాల్లే."

"నీకేం అడ్డమొచ్చింది నాయనమ్మా? నీ సీరియల్‌కి ఇంకా టైముంది గదా."

"సీరియలూ వద్దు, గీరియలూ వద్దు. ఫ్యాను తిరగతా ఉంది, లైటు వెలగతా ఉంది, దానికి తోడు ఇదొకటి. కరెంటు బిల్లు నీ మొగుడు కడతాడా?"

"మొగుడింకా రాలేదు. బిల్లు నేనే కడతా ఉండా, మర్చిపోయినావా?"

"కడితే మాత్రం? నడిసముద్రంలో చెక్కల మీద అన్ని దినాలు మనిషి బతుకుతాడా? తిండి లేదు, నీళ్ళు లేవు. అంతా కట్టుకథ."

"కట్టుకథ కాదు. యుద్ధంలో నిజంగా జరిగిందే. మొదట్లోనే వేసినారు, నువ్వు చూళ్ళేదు."

"నిజమైతే కాగితం చూపించమను!"

మా మనవరాలు పకపకా నవ్వింది. "సినిమాకి కాగితమేంది నాయనమ్మా, రేషన్ కార్డా?" అంది.

నేను నవ్వలేదు. చిక్కుడుకాయల ఈనె తీస్తున్న చేతులు తీస్తున్నట్టే ఆగిపోయాయి. ఆ మాట నాది కాదు. అరవై ఏళ్ళ కిందట మా ఊరి చర్చిలో ఒక సంఘపెద్ద నోట విన్న మాట. ఇన్నేళ్ళు నాలో ఎక్కడ దాక్కుని ఉందో గాని, టీవీలో అలల మీద ఊగే ఆ తెప్పను చూడగానే నా నోట్లోంచి ఊడిపడింది. మనవరాలు తడ దగ్గర కంపెనీలో పని చేస్తుంది, శనివారం సాయంత్రం నెల్లూరు వచ్చి సోమవారం తెల్లవారుజామున పోతుంది, ఈ ఇంట్లో నాకు ఎదురుచెప్పే ధైర్యం దానికొక్కదానికే ఉంది. అది బొమ్మ ఆపలేదు, నేనే లేచి లోపలికి పోయాను. పోయి, దాని కాలేజీ నోటుబుక్కులో మిగిలిపోయిన తెల్ల పేజీలు ముందేసుకుని ఇది రాయడం మొదలుపెట్టాను. రాయని పేజీని పారేయడం నా వల్ల కాదు. నేను చదివింది మిషను బడిలో మూడో తరగతి దాకా, అదీ పూర్తిగా కాదు, కాబట్టి తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

నేను కాపురానికి వచ్చిన ఊరు చిట్టమూరు దాటి తూర్పుగా పోతే, సముద్రానికీ కాలువకీ మధ్య ఇసక మీద ఉంటుంది. మగవాళ్ళకి ఉప్పుకొఠార్లలోనో సరుగుడు తోటల్లోనో కాలువ పడవల మీదనో పని. ఆడవాళ్ళకి నీళ్ళ పని. ఊరి బావిలో నీళ్ళు గిన్నెలు తోమడానికే పనికొచ్చేవి, తాగాలంటే తోట అవతల ఇసకలో చేతులతో చెలమ తవ్వి, నీరు ఊరేదాకా పక్కన కూర్చుని, కొబ్బరి చిప్పతో కడవలోకి తోడుకోవాలి. నా ఈడు వాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. కడవ నిండడానికి ఎంతసేపు పడుతుందో, నిండిన కడవ ఒలికితే కడుపు ఎలా మండుతుందో మీకు తెలుసు. అందుకే నేను పిసినారినని నా కోడళ్ళు అంటే నాకు కోపం రాదు. నాకా గుణం చెలమ దగ్గర అబ్బింది.

ఇంట్లో నేను, మా ఆయన, చంటిబిడ్డ, మా మామగారి తమ్ముడు. అత్తామామలు నేను రాకముందే పోయారు. ఈ చిన్నమామ పెళ్ళి చేసుకోలేదు. సరుగుడు కట్టెల పడవ మీద కాలువ వెంట మద్రాసు దాకా పోయి వచ్చేవాడు, పది దినాలు పడవ మీద ఉంటే నాలుగు దినాలు ఇంట్లో ఉండేవాడు. మాటలు తక్కువ. ఆయనకొక అలవాటు ఉండేది, గ్లాసు నీళ్ళు ఇస్తే ఒక్క గుక్కలో తాగేవాడు కాదు, కాసిని నోట్లో పోసుకుని, బుగ్గలో అటూ ఇటూ తిప్పుకుని, ఎంతోసేపటికి మింగేవాడు. అన్నం దగ్గర అలా చేస్తుంటే నాకు చిరాకు వేసేది. కొత్త కోడలినై పైకి అనలేదు గాని, లోపల మాత్రం ముసలాడికి మంచీ చెడ్డా తెలియదని అనుకునేదాన్ని. ముసలాడంటే అప్పుడాయనకి నలభై దాటి ఉంటాయేమో. ఇరవై నిండని నాకు అందరూ ముసలివాళ్ళే.

పక్కిల్లు ఒక అవ్వది, చిన్నమామకు వరసకు వదిన. ఆమెకు ఒక్కడే కొడుకు. యుద్ధానికి ముందు ఆ కొడుకూ మా చిన్నమామా జతగా మద్రాసు పోయి ఓడ మీద కలాసీలుగా చేరారట. యుద్ధం అయిపోయాక చిన్నమామ ఒక్కడే తిరిగొచ్చాడు. నా బిడ్డ యాడని అవ్వ అడిగితే, వాడు వేరే ఓడ ఎక్కినాడు, రంగూన్ వైపు ఉండాడు, వస్తాడు అన్నాడట. ఆ ఒక్క మాట మీద అవ్వ అప్పటికి పదిహేనేళ్ళకు పైగా బతుకుతోంది. ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు ఆమె లేచి, నా కొడుకు ఓడ మీద ఉండాడు, వాడిని మర్చిపోవద్దండి అని చెప్పి కూర్చునేది. ప్రతి ఆదివారం అదే మాట. చిన్నపిల్లలు ఆమె కంటే ముందే గొణిగేవాళ్ళు. ఆమె లేచినప్పుడల్లా మా చిన్నమామ తల వంచుకునేవాడు. భక్తి అనుకున్నాను.

ఇప్పుడు బుట్టల సంగతి చెప్పాలి. మా కాలంలో కాగితం గుజ్జుతో బుట్టలు చేసుకునేవాళ్ళం, మీలో చాలామంది చేసి ఉంటారు. పాత కాగితాలు చింపి మూడు దినాలు నానబెట్టి, నానిన మెంతులు కలిపి రోట్లో వెన్నలాగా రుబ్బి, బోర్లించిన కుండ మీద వేళ్ళతో అద్ది ఎండలో పెడితే, చెక్క అంత గట్టిగా బుట్ట ఊడివస్తుంది. తవుడుకీ నూకలకీ అంత మంచివి ఇంకోటి లేవు. అయితే మా ఊళ్ళో కాగితం ఎక్కడిది? శెట్టి కొట్లో పొట్లం కట్టిన కాగితాన్ని కూడా దులిపి దాచేవాళ్ళం. నా చేతి బుట్టలు నున్నగా, పలుచగా వచ్చేవి. ఒకసారి సంఘపెద్ద భార్య నా బుట్టను స్త్రీల సమాజం కూడికకు పట్టుకుపోయి అందరికీ చూపించి, కోడలంటే ఇట్టా ఉండాల, ఏదీ పారెయ్యదు అన్నది. ఆ మాట నా నెత్తికెక్కింది. దాని తర్వాత ఎక్కడ కాగితం ముక్క కనబడినా నా చేయి ఊరుకునేది కాదు.

ఆ ఎండాకాలం ఇంట్లో చెదలు పట్టాయి. చిన్నమామ పడవ మీద ఉన్నాడు. ఆయన తగరపు పెట్టె కింద కూడా మట్టి గూళ్ళు కనబడితే, బట్టలు ఎండలో వేద్దామని పెట్టె తెరిచాను. తాళం వేసే అలవాటు ఆయనకు లేదు. రెండు పంచెలు, ఒక ఉన్ని చొక్కా, అడుగున మైనపు గుడ్డలో చుట్టిన కట్ట. విప్పి చూస్తే కాగితాలు. దళసరివి, మంచివి, ఇంగ్లీషు అచ్చు, నీలం సిరాతో చేవ్రాళ్ళు, ఒకదాని కింద ఎర్ర లక్క ముద్ర. నాకు ఇంగ్లీషు రాదు. ఎవరినన్నా అడగొచ్చు గదా, అడగలేదు. ఓడ పని మానేసి అన్నేళ్ళయిన మనిషికి ఆ పాత కాగితాలెందుకులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే అంత కూడా అనుకోలేదు, వాటి దళసరి చూసి, ఒక బుట్టకి పైనే వస్తుందని లెక్క వేసుకున్నాను. మైనపు గుడ్డ బిడ్డ పక్క మీదకు తీసుకున్నాను. కాగితాలు నానేశాను. మంచి కాగితం కాబట్టి నాలుగు దినాలు పట్టింది.

ఆయన వచ్చాక చెబుదామనుకున్నాను. ఆయన పెట్టె అడుగు చూసుకోలేదు, నేను చెప్పలేదు. చెప్పని దినాలు నాలుగైదు గడిచేసరికి, చెప్పాల్సిన సంగతే కాదన్నట్టు అయిపోయింది.

ఆ తర్వాత కొన్ని నెలలకు మిషను వాళ్ళ జీపు వచ్చింది. బడి ముందు రెండు సరుగుడు గుంజలు పాతి, వాటికి తెల్లగుడ్డ కట్టి, పొద్దుగూకంగానే బొమ్మ వేశారు. ఊరంతా చాపలు తెచ్చుకుని కూర్చున్నాము, హిందువులూ సాయిబులూ కూడా వచ్చారు. అది దొరల బొమ్మ, మాటలు అర్థం కావు, మా పాస్టరయ్య పక్కన నిలబడి, ఎవరు ఏమంటున్నారో మాకు తెలుగులో చెబుతున్నాడు. యుద్ధంలో ఓడను శత్రువులు ముంచేశారు, కొందరు మనుషులు తెప్ప మీద మిగిలారు, ఇది నిజంగా జరిగిన సంగతి, దేవుడు వాళ్ళని ఎట్లా కాపాడాడో చూడండి అన్నాడు. తెప్ప మీద దొరలు ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని పాట పాడారు. ఒకాయన డబ్బాలో నీళ్ళు తలా ఒక గ్లాసు పోసి ఇచ్చాడు.

అప్పుడు మా చిన్నమామ లేచి నిలబడ్డాడు. ఆయన తల నీడ పోయి గుడ్డ మీద పడింది.

"అట్ట కాదు. గ్లాసు యాడిది? డబ్బా మూతతో పోస్తారు, అదీ సగం. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి," అన్నాడు.

వెనకనుంచి ఎవరో అరిచారు, "కూసో మామా, నీ తలకాయ సముద్రంలో తేలతా ఉండాది!"

జనం ఘొల్లుమన్నారు. ఇంకొకడు, "నువ్వేమన్నా ఆ తెప్ప మీద ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నా," అన్నాడు చిన్నమామ.

ఇంకా నవ్వారు. పాస్టరయ్య కూడా నవ్వాపుకోలేక తల తిప్పుకున్నాడు. నాకు తల తీసేసినట్టయింది. ఆయన కండువా అంచు పట్టి లాగి, కూసోండి మామా, పరువు పోతా ఉంది అన్నాను. కూర్చున్నాడు. బొమ్మ చివర్లో, బతికి బయటపడ్డ దొర ఒకడు, తెప్ప మీద చచ్చిపోయిన తన జతగాడి ఇంటికి పోతాడు, టోపీ చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడతాడు, జతగాడి తల్లి తలుపు తీస్తుంది, ఆమె అతని ముఖం చూసి అడక్కుండానే అర్థం చేసుకుని లోపలికి రమ్మంటుంది. అంతే, దీపం ఆరిపోయింది, జనం చాపలు చుట్టుకున్నారు. చిన్నమామ మాత్రం మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని ఆ తెల్లగుడ్డనే చూస్తూ ఉండిపోయాడు. నేను బిడ్డనెత్తుకుని విసుక్కుంటూ ముందు నడిచాను.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయానికి ఆయన లేచాడు. మాలో ఇది వాడుక, దేవుడు తనకు చేసిన మేలు ఎవరైనా లేచి సంఘం ముందు చెప్పుకోవచ్చు. జ్వరం తగ్గిందనీ, తప్పిపోయిన గొడ్డు దొరికిందనీ చెప్పుకునేవాళ్ళం. చిన్నమామ అంతకు ముందు ఒక్కసారి కూడా లేచింది లేదు. ఆయన అవ్వ కూర్చున్న వైపు తిరిగి నిలబడి చెప్పాడు. ఓడను నీళ్ళ కింద నడిచే ఓడ ఒకటి పేల్చేసిందనీ, తెప్ప మీద పదిమంది ఎక్కారనీ, అందులో తానూ అవ్వ కొడుకూ ఉన్నామనీ, ఇరవై రెండు దినాలకు ఇంకో ఓడ కనబడి ఎక్కించుకునేసరికి నలుగురే మిగిలారనీ చెప్పాడు. అవ్వ కొడుకు పదకొండో దినం ఎవరూ చూడకుండా సముద్రపు నీళ్ళు తాగాడట. తాగితే మతి పోతుందని తెలిసీ ఆగలేకపోయాడట. ఆ తర్వాత తెప్ప చెక్కల మీద గోళ్ళతో గీరుతూ, చెలమ తవ్వతా ఉండా, నీళ్ళు ఊరతా ఉండాయి, అమ్మ కడవ తెస్తా ఉండాది అని రెండు దినాలు అదే పని చేశాడట. గోళ్ళు ఊడిపోయినా ఆపలేదట. వాడు పోయాక పక్కన ఉన్న దొర తన భాషలో పరలోక ప్రార్థన చెబితే, తాను తెలుగులో చెప్పి, చేతులతో నీళ్ళలోకి వదిలేశాడట. నీకు చెప్పే ధైర్యం లేక రంగూన్‌లో ఉండాడని చెప్పినా, నన్ను క్షమించు వదినా అన్నాడు.

అవ్వ మెల్లగా లేచింది.

"అయ్యగారూ, ఈయన మొన్న ఆ గుడ్డ మీద చూసింది చూసినట్టు చెప్తా ఉండాడు. ఆ తెప్ప, ఆ నీళ్ళు, ఆ ప్రార్థన, అన్నీ అందులోవే గదా. మీరందరూ చూళ్ళేదా?"

అప్పుడు జనానికి ఊపిరి తిరిగింది. అవును, నిజమే గదా అని గుసగుసలు బయల్దేరాయి. చిన్నమామ చెప్పినదాంట్లో బొమ్మలో లేనివి ఎన్నో ఉన్నాయి, కాని అవి ఎవరికీ గుర్తు రాలేదు. చూసిన బొమ్మ గుర్తుంది, ముందు లేచి నవ్వులపాలైన మనిషి గుర్తున్నాడు.

"పదిహేనేళ్ళు వస్తాడంటివి, ఇప్పుడు సచ్చినాడంటావు. ఏది నమ్మేది నేను?" అంది అవ్వ. "నా బిడ్డని నువ్వే యాడో ఒదిలేసి వొచ్చినావు. అది చెప్పలేక ఇది చెప్తా ఉండావు."

అప్పుడు సంఘపెద్ద అన్నాడు, "నిజమైతే కాగితం చూపించు. దేవుడి మందిరంలో నిలబడి సాక్ష్యం చెప్పినావు, ఇది మామూలు మాట కాదు."

"ఉండాది," అన్నాడు చిన్నమామ. "ఓడ కంపెనీ వాళ్ళు రాసిచ్చినారు. తెప్ప మీద ఎవరు బతికిందీ, ఎవరు ఏ దినం పోయిందీ, నా పేరు, వాడి పేరు, ఊరి పేరుతో సహా ఉండాది. నా పెట్టెలో ఉండాది."

పాస్టరయ్య అవ్వను అడిగాడు, కాగితం చూస్తే నమ్ముతావా అమ్మా అని. "నమ్ముతా," అంది. "పేరుంటే నమ్ముతా. నా బిడ్డకి ఏడుస్తా. ఆదరణ కూడిక పెట్టండి, అందరికీ నేనే అన్నం వండి పెడతా." మాలో చావు జరిగిన ఇంట సంఘం కూడి ప్రార్థన చేసి ఓదార్చడాన్ని ఆదరణ కూడిక అంటారు. ఆ కూడిక జరిగితేనే చావు చావుగా ఒప్పుకున్నట్టు. ఆ తల్లికి అన్నేళ్ళుగా ఏడవడానికి కూడా హక్కు లేకపోయిందని నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, నా బిడ్డ కింద పరిచిన మైనపు గుడ్డ.

చర్చి నుంచి మా ఇంటికి నూరడుగులు కూడా ఉండవు. అందరూ కలిసి ఇసకలో నడిచి వచ్చారు, చిన్నమామ ముందు, ఆయన వెనక పెద్దలిద్దరు, పాస్టరయ్య, అవ్వ, మా ఆయన, వాళ్ళ వెనక సగం సంఘం. దారిలో ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. మామా, ఆ కాగితాలు నేను తీసినా అంటే చాలు. ఎవరు కొడతారు నన్ను? మా ఆయన చేయి ఎత్తే మనిషి కాదు. కాని నా వెనకే సంఘపెద్ద భార్య నడుస్తోంది, కోడలంటే ఇట్టా ఉండాల అన్న మనిషి, మామగారి పెట్టె తెరిచిన కోడలని ఆమె నోట వినాల్సి వస్తుందని నా నాలుక కదల్లేదు. నాకున్నది ఆ ఒక్క పేరు. దాన్ని కాపాడుకున్నాను.

చిన్నమామ పెట్టె తెరిచాడు. పంచెలు తీశాడు, ఉన్ని చొక్కా తీసి దులిపాడు, పెట్టె బోర్లించి అడుగు తట్టాడు. ఆయన ముఖం చూడలేక నేను వంటింటి గడప దగ్గర నిలబడి బిడ్డను ఊరికే జోకొడుతున్నాను. ఆయన గది అంతా కలియజూస్తూ గూటి వైపు వచ్చాడు. గూట్లో నా తవుడు బుట్ట ఉంది. ఎంత రుబ్బినా ముద్ర లక్క పూర్తిగా నలగలేదు, బుట్ట పక్కన చిన్న చిన్న ఎర్ర చుక్కలుగా మిగిలింది, అది అందంగా ఉందని నేనే చుక్కలు బయటికి కనబడేట్టు పెట్టుకున్నాను. ఆయన ఆ బుట్ట చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో ఆ చుక్కల్ని రుద్దాడు. తర్వాత నన్ను చూశాడు. నేను బిడ్డ తల మీద ముఖం దాచుకున్నాను.

బుట్టను ఎక్కడిది అక్కడ పెట్టి, ఆయన పెద్దల వైపు తిరిగాడు.

"పడవలో తడిసిపోయినాయి. నేనే పారేసినా. మర్చిపోయినా," అన్నాడు.

"ఇప్పుడే గదా పెట్టెలో ఉండాదని చెప్తివి!" అన్నాడు సంఘపెద్ద. "దేవుడి ముందర ఒక మాట, ఇంట్లోకొస్తే ఒక మాటా?"

"తప్పే," అన్నాడు చిన్నమామ.

అవ్వ మాత్రం చేతులు చరిచింది. "చూసినారా! నా బిడ్డ బతికుండాడు. నేను చెప్పలా?" అని అందరి ముఖాలూ చూసింది. అబద్ధ సాక్ష్యం చెప్పినందుకు ఆయన్ని ఆరు నెలలు ప్రభువు బల్లకు రావద్దని, సంస్కారం పుచ్చుకోవద్దని వాకిట్లోనే తీర్పు చెప్పి వెళ్ళిపోయారు. ఆయన పంచెలు మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టుకున్నాడు.

ఆరు నెలలు అయ్యాక రమ్మన్నారు, ఆయన పోలేదు. ఆదివారం చర్చి బయట కిటికీ కింద ఇసకలో కూర్చుని పాటలు వినేవాడు. నాతో ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. రెండు దినాల తర్వాత పడవ మీదకు పోతూ ఒక్క మాట మాత్రం అన్నాడు, ఆ వదినమ్మకు చెలమకాడికి పోయే ఓపిక లేదు, రోజూ ఒక కడవ నీళ్ళు పొయ్యమ్మా అన్నాడు. పోశాను. ఆమె పోయేదాకా ఏడేళ్ళు పోశాను. అవ్వ ప్రతి ఆదివారం లేచి, నా కొడుకు ఓడ మీద ఉండాడు అని చెబుతూనే ఉంది, నేను ఆమెన్ అంటూనే ఉన్నాను. ఆమెను పాతిపెట్టిన రోజు కొడుకు వేయాల్సిన మొదటి పిడికెడు మట్టి ఎవరు వేస్తారా అని అందరూ చూస్తుంటే, చిన్నమామ ముందుకొచ్చి వేశాడు. కొందరు ముఖం చిట్లించుకున్నారు. ఆయన ఇంకో రెండేళ్ళు ఉన్నాడు. మంచాన పడ్డప్పుడు నేనే చెంచాతో నీళ్ళు పోసేదాన్ని, నోట్లో తిప్పుకుని తిప్పుకుని మింగేవాడు, మెడ మీద కారకుండా నేను తుడిచేదాన్ని. ఇద్దరమే ఉన్న పూటలు ఎన్నో ఉన్నాయి. చెప్పలేదు. ఆయనకు తెలుసు గదా, ఇంక చెప్పేదేముందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆ బుట్టను పారేశానా అంటే అదీ లేదు. ఎలుకలు కొరికేదాకా తవుడు పోసుకున్నాను.

ఇప్పుడు ఆ ఊళ్ళో చెలమలు లేవు, నీళ్ళు డబ్బాల్లో ఆటో మీద వస్తాయి. కాగితం గుజ్జు బుట్ట అంటే మా కోడళ్ళు ముక్కు మూసుకుంటారు. మనవరాలు ప్రతి కాగితాన్నీ ఫోనుతో ఫోటో తీసి పెట్టుకుంటుంది, అది తడిసినా చిరిగినా పోదంట. శనివారం దాని బస్సు అరగంట ఆలస్యమైతే ఇంట్లో ముగ్గురం మూడు ఫోన్లు చేస్తాం, ఎక్కడున్నానో చెప్పేస్తుంది, మనసు కుదుటపడుతుంది. ఒక మనిషి ఉన్నాడో లేడో తెలియకుండా ఒక తల్లి ఇరవై రెండేళ్ళు బతకడం ఈ కాలం పిల్లలకు అర్థమయ్యే సంగతి కాదు. అర్థం కాకపోతేనే మంచిది. మేము కష్టపడ్డాము, పొదుపుగా బతికాము, ఏదీ పారెయ్యలేదు అని నా ఈడు వాళ్ళం పిల్లల దగ్గర గొప్పలు చెప్పుకుంటాం. నేనూ చెప్పుకున్నాను, నిన్న మొన్నటిదాకా. ఎవరిది దాచామో, ఎవరిది రుబ్బేశామో మాత్రం ఎవరం చెప్పుకోము.

ఇంకొకటి మిగిలి ఉంది. పైన ఏడేళ్ళు, రెండేళ్ళు అంటూ దాన్ని దాటేసి వచ్చాను. చిన్నమామ అందరి ముందూ పెట్టె తెరిచిన మరుసటి రోజు, సోమవారం ఉదయం సంగతి.

చిన్నమామ కాలువ రేవుకు పోయాడు, మా ఆయన కొఠారుకు పోయాడు. నేను పొయ్యి రాజేసి ఎసరు పెట్టాను. అవ్వ నిప్పు కోసం వచ్చింది. ఆమె అగ్గిపెట్టె కొనేది కాదు, రోజూ మా పొయ్యిలోంచి రెండు నిప్పులు పెంకులో వేయించుకుని పోయేది. ఆ ఉదయం పెంకు చేతిలో పట్టుకుని గడపలోనే నిలబడింది, లోపలికి రాలేదు. కళ్ళు వాచి ఉన్నాయి. నిన్న అందరి ముందూ చేతులు చరిచిన మనిషి కాదు.

"అమ్మాయా," అంది, "నువ్వు ఆ మనిషికి రోజూ అన్నం పెడతా ఉండావు. నీకు తెలిసుంటాది. నిన్న ఆయన చర్చిలో చెప్పింది నిజమా, అబద్ధమా? నా బిడ్డ గోళ్ళ సంగతి… అట్టాటిది ఊరికే చెప్తాడా మనిషి? నువ్వు నిజమంటే నేను నిజమనుకుంటా. కాగితం కూడా వొద్దు."

"నాకు తెలీదవ్వా," అన్నాను.

పెంకులో రెండు నిప్పులు వేశాను. ఆరిపోకుండా పైన కాస్త బూడిద చల్లాను. ఆమె తీసుకుని వెళ్ళిపోయింది. నేను బియ్యం కడిగి ఎసట్లో పోశాను.